ఎఫ్‌జీడీ మినహాయింపు: చవక కరెంటా, ఖరీదైన గాలా?

యూనిట్‌రేటు:
బొగ్గు ప్లాంట్ల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించాలని 2015 డిసెంబరులో కేంద్రం నిబంధన పెట్టింది. అందుకు పొగలోని గంధకాన్ని సున్నపురాయితో కడిగే ఎఫ్‌జీడీ యంత్రాలు బిగించాలి. గడువు మీద గడువు పెంచుకుంటూ వచ్చి, 2025 జులైలో సుమారు 78 శాతం విద్యుదుత్పత్తి యూనిట్లకు అక్కర్లేదని తేల్చేశారు. దేశ రాజధాని ప్రాంతానికి, పది లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపున్నవాటికి మాత్రం 2027 చివరికల్లా తప్పనిసరి. నా మటుకు ఇది సబబే. మన బొగ్గులో గంధకం అర శాతానికి అటూ ఇటూ. చుట్టుపక్కల గాలిలో ఆ వాయువు ప్రమాణం లోపే ఉంటోంది. అన్నిటికీ బిగించాలంటే 2.5 లక్షల కోట్లంటున్నారు. మినహాయింపు వల్ల యూనిట్‌కి 25-30 పైసలు కలిసొస్తుందని పరిశ్రమవాళ్ల మాట. కాదనేవాళ్లు లెక్కతో రండి, ఏడుపుతో కాదు.

సాగరతీరం:
లెక్కే కదా, తీసుకోండి. లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే వైద్య పరిశోధన పత్రికలో 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2019 ఒక్క ఏడాదిలో వాయు కాలుష్యం వల్ల మన దేశంలో 16.7 లక్షల మరణాలు. నష్టం 2.6 లక్షల కోట్లు, జీడీపీలో 1.36 శాతం. మీరు ఒకసారి పెట్టడానికి వెనకాడే డబ్బు ఏటా పోతోంది. ఇంకా చర్చేముంది?

జమాఖర్చు:
అసలు చర్చ ఇక్కడే ఉంది తమ్ముడూ. నేనూ నీ పక్షమే, కానీ ఈ పోలికతో వెళ్తే ఓడిపోతాం. ఆ 2.6 లక్షల కోట్లలో బండ్లు, ఇటుక బట్టీలు, గడ్డి మంటలు అన్నీ కలిసున్నాయి. ఆ మరణాల్లో 6.1 లక్షలు కట్టెల పొయ్యి లాంటి ఇంటి పొగవే. ఎఫ్‌జీడీ పెడితే వంటింటి పొగ పోదు కదా.

అలాగని అది పెద్ద లెక్కా కాదు. పోయినవాళ్లు, మంచానపడ్డవాళ్లు ఎంత సంపాదించేవాళ్లన్నదే అందులో కొలత. రిటైరైన మా నాన్నగారు దగ్గుతో పోతే ఆ పద్దులో పడేది పెద్దగా ఏమీ ఉండదు. ప్రపంచ బ్యాంకు 2016లో ఇంకో కొలత వాడింది: ప్రాణాపాయం కాస్త తగ్గించుకోవడానికి మనిషి ఎంత ఖర్చుకి ఒప్పుకుంటాడు అని. ఆ లెక్కన 2013లో మన నష్టం జీడీపీలో 7 శాతం పైమాటే. గాలి అదే, అడిగిన ప్రశ్న వేరు.

యూనిట్‌రేటు:
నేననేదీ అదే మాస్టారూ. రబ్బరు లెక్కలు, లాగినంత సాగుతాయి. నా 25 పైసలు మాత్రం బిల్లులో కనిపిస్తాయి.

బూడిదూరు:
బిల్లుల కనవడేదే ఖర్చా అన్నా? మా ఊరు ఓ థర్మల్ ప్లాంటుకు ఏడు కిలోమీటర్లు, పేరెందుకులే. దండెం మీద బట్టలు దులిపితెగాని ఇంట్లకు తేలేం. అమ్మకు నెబ్యులైజర్ కొన్న. ఆమెను దవాఖానకు తీస్కవోయిన దినం నా కూలి గంగల కలుస్తది. ఇది ఏ బిల్లుల రాస్తరు?

యూనిట్‌రేటు:
అమ్మగారు కులాసాగా ఉండాలి. కానీ బట్టల మీద పడేది బూడిద. దాన్ని ఆపేది ఈఎస్‌పీ, అంటే కరెంటు పలకలతో పొగలోని బూడిదను పట్టే యంత్రం. ఎఫ్‌జీడీ కాదు. రెండూ కలిపేయకండి.

జమాఖర్చు:
బూడిద సంగతి మీరన్నది నిజం. అయితే ‘ప్రమాణం లోపే’ అన్న మీ మాట కూడా అక్కడే జారుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగానే ఉండిపోదు, గాల్లో అమ్మోనియాతో కలిసి సల్ఫేట్ రేణువవుతుంది. అంటే ఊపిరితిత్తుల లోపలికి దిగే సన్నటి ధూళి, పీఎం 2.5. అందుకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఆలోగా గాలి వందల కిలోమీటర్లు మోసుకుపోతుంది. గొట్టాన్ని 275 మీటర్లు ఎత్తు కట్టిందే పొగ దూరంగా పోవాలని. దాని కింద మీటరు పెట్టి తక్కువే ఉందనడం, రైలెక్కి వెళ్లిపోయినవాణ్ణి స్టేషన్లో వెతకడమే. ఇక ఆ 10 కిలోమీటర్ల గీత ఎక్కడిదో నాకైతే అంతుపట్టలేదు.

యూనిట్‌రేటు:
గీత విషయంలో సరే, ఒప్పుకున్నా. అయినా అదే డబ్బు వంటగ్యాస్‌కి పెడితే ఎక్కువ ప్రాణాలు దక్కవా? ఉమ్మడి రాష్ట్రంలో 1999లోనే దీపం పథకం వచ్చింది, తర్వాత ఉజ్వల.

గోదారమ్మాయి:
బండ ఇచ్చారండి, మళ్లీ నింపుకోవడానికి డబ్బులేవీ? మా అత్తగారింట్లో గ్యాస్ మీద టీ, కట్టెల మీద అన్నం. పైగా మిగిల్చిన డబ్బు గ్యాస్‌కి మళ్లిస్తామని ఆ ఉత్తర్వులో ఉందా ఏంటి?

సాగరతీరం:
ఇంకోటి. గాలి బాగుచెయ్యమని 2019లో నగరాలకి ఎన్‌క్యాప్ అని కేంద్ర పథకం పెట్టారు. ఢిల్లీలోని పర్యావరణ సంస్థ సీఎస్ఈ 2024లో లెక్క తీస్తే ఆ నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ము మీదే ఖర్చైంది, పరిశ్రమల పొగ మీద 0.61 శాతం. నీళ్లు చల్లే బండి అందరికీ కనిపిస్తుంది కదా!

బూడిదూరు:
నేను గూడ లెక్క చెప్త. మా ఇంట్ల నెలకు 90 యూనిట్లు. 30 పైసలు పెరిగినా 27 రూపాయలు. అమ్మ ఇన్‌హేలర్ ఒక్కటే దానికి పదింతల మీద ఉంటది.

యూనిట్‌రేటు:
ఇంటికి 27 సరే. నెలకి పది లక్షల యూనిట్లు కాల్చే స్పిన్నింగ్ మిల్లుకి అదే 3 లక్షలు. మిల్లు మూతపడితే కూలివాళ్లకి ఎవరిస్తారు?

జమాఖర్చు:
ఆ 3 లక్షలు సర్కారునే సబ్సిడీగా ఇమ్మనండి, బడ్జెట్‌లో పద్దు రాసి మరీ. ఇప్పుడైతే బూడిదూరు వాళ్లమ్మ ఇస్తోంది, రసీదు లేకుండా.