పాత ట్వీట్లు బయటపడితే ముందు డిలీటా, ముందు సారీనా?

గల్లీబౌలర్:
ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్‌సన్ కేసు ఒక్కటి చాలు. 2021 జూన్ 2, లార్డ్స్‌లో అతని తొలి టెస్టు. వివక్షకు వ్యతిరేకంగా జట్టంతా టీషర్టులేసుకుని నిలబడిన రోజే అతని 2012–14 నాటి జాతివివక్ష ట్వీట్లు, ఆడవాళ్ల మీద కూతలు బయటికొచ్చాయి. ఆ సాయంత్రమే సారీ చెప్పాడు. మ్యాచ్‌లో ఏడు వికెట్లు తీశాడు. అయినా రెండో టెస్టుకు ఇంగ్లండ్ బోర్డు పక్కన పెట్టింది. సారీ చెప్పి ఏం ఒరిగింది? ఎవడూ తవ్వకముందే తుడిచేసుకోవాలి, అంతే.

శారద_వి:
సగమే చెప్పారు. అక్కడి క్రికెట్ క్రమశిక్షణ కమిషన్ ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేసి, ఐదింటిని రెండేళ్లు సస్పెండ్ చేసింది. మిగతా మూడూ అప్పటికే అయిపోయాయి. జరిమానా 3,200 పౌండ్లు. ఆగస్టుకల్లా ట్రెంట్‌బ్రిడ్జ్‌లో మన మీదే బంతి పట్టాడు.

ఇక తుడిచేయడం. ప్రొఫైల్‌ని కిందికి లాక్కుంటూ పోతే ఎక్స్ సుమారు 3,200 పోస్టుల దగ్గర ఆగిపోతుంది. అంతకు పాతవి పోలేదు, కనపడవంతే. తేదీ పెట్టి సెర్చ్ చేసినవాడికి దొరుకుతాయి. సెట్టింగ్స్‌లో ఆర్కైవ్ (మన పోస్టులన్నిటి కాపీ) అడిగితే రోజో, ఇంకా ఎక్కువో పట్టి జిప్ ఫైలు వస్తుంది. అందులో కులాల పేర్లు, ఊళ్ల పేర్లు, తిట్లు ఒక్కొక్కటే వెతకాలి. తెలుగు లిపిలో వెతికి ఊరుకుంటే దొరకవు. అప్పట్లో అందరం ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొట్టేవాళ్లం, అదీ తలా ఒక స్పెల్లింగుతో.

గల్లీబౌలర్:
చూశారా, మీరూ డిలీట్ దారే చెప్తున్నారు.

శారద_వి:
బయటపడకముందు మీ ఇష్టం. బయటపడ్డాక స్క్రీన్‌షాట్ ఎలాగూ వాళ్ల దగ్గరుంటుంది. గప్‌చుప్‌గా డిలీట్ కొడితే "దాచేశాడు" అనేది రెండో వార్త. ముందు అకౌంటంతా చదవాలి. ఏమన్నారో, ఎవర్నన్నారో పేరుపెట్టి ఒకే ప్రకటన ఇవ్వాలి. తీసేస్తున్నానని అందులోనే చెప్పి తీసేయాలి. తొందరపడి ఒక్క ట్వీటుకే సారీ చెప్తే మర్నాడు రెండో విడత దిగుతుంది. అప్పుడు మొదటి సారీ కూడా చెల్లదు.

నల్లకోటు:
కేసు వాసన ఉంటే లాయరు చూడకుండా ఒక్క ముక్క రాయొద్దు. రాసిచ్చిన సారీని ఒప్పుకోలుగా చూపించొచ్చు. వర్గాల మధ్య ద్వేషం రేపడం, మతాన్ని కించపరచడం కింద పెడతారు: పోస్టులు 2024 జులై 1కి ముందువైతే ఐపీసీ 153ఏ, 295ఏ. తర్వాతవైతే భారతీయ న్యాయ సంహిత 196, 299.

మిడాన్‌మూర్తి:
అందుకేగా మనవాళ్లు "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" అని సరిపెట్టేది.

గల్లీబౌలర్:
మరి యార్క్‌షైర్ మాజీ క్రికెటర్ అజీమ్ రఫీక్ సంగతి? ఆ క్లబ్బులో తనకు జరిగిన వివక్ష గురించి 2021 నవంబరు 16న బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు. రెండ్రోజులకే యూదులను కించపరుస్తూ 2011లో తను రాసిన మెసేజులు బయటపడ్డాయి. మరుసటి ఏడాది కమిషన్ మందలింపుతో సరి. ఇదేం తూకం?

శారద_వి:
రఫీక్ "అకౌంటు తీసి చూశాను, రాసింది నేనే, సాకుల్లేవు" అన్నాడు. డిలీట్ చేశానని చెప్పాడు. యూదులను పేరుపెట్టి క్షమాపణ అడిగాడు. రాబిన్‌సన్ "నేను రేసిస్టును కాను, సెక్సిస్టును కాను" అని చేర్చాడు. సారీ కాస్తా సొంత కితాబు అయిపోయింది.

గల్లీబౌలర్:
రఫీక్ కూడా "అప్పుడు నాకు 19" అన్నాడుగా! అది సాకు కాదు, 18–20 ఏళ్లప్పటి రాబిన్‌సన్‌దే నేరం. బోర్డు అతి చేసిందని అప్పటి బ్రిటన్ మంత్రి ఆలివర్ డౌడెనే అన్నారు. మేడమ్, మీకు కావాల్సింది సారీ కాదు, ముక్కు నేలకు రాయించడం.

శారద_వి:
మీకు కావాల్సింది ఉద్యోగం నిలబడడం. అందుకే "ఏం ఒరిగింది" అని మొదలెట్టారు. తిట్లు పడ్డవాళ్ల ఊసు ఒక్క పోస్టులోనైనా ఎత్తారా?

గల్లీబౌలర్:
ఎందుకెత్తాలి? తవ్వినవాడు వాళ్ల కోసం తవ్వాడా? తొలి టెస్టు రోజే బయటపెట్టాడంటే కూల్చడానికే. అలాంటివాడి చేతికి సారీ ఎందుకివ్వాలి?

శారద_వి:
ఇచ్చేది తవ్వినవాడికి కాదు.

మిడాన్‌మూర్తి:
మీ గొడవ మధ్యలో ఒక మాట. ఫేస్‌బుక్ గ్రూపుల్లో పెట్టిన పాత కామెంట్లు ఎక్కడ దొరుకుతాయి?

శారద_వి:
యాక్టివిటీ లాగ్‌లో గ్రూపుల విభాగం తెరిచి తేదీ ఫిల్టర్ పెట్టండి. పోస్టులు ట్రాష్‌లో వేస్తే 30 రోజులు అక్కడే ఉంటాయి, వెంటనే పోవాలంటే ట్రాష్‌లోంచి కూడా తీసేయాలి.