పది నిమిషాలకే మసకబారుతున్న వీడియో లైటు: తప్పు బ్యాటరీదా, లైటుదా?

రుషికొండ_కెరటం:
అందరికీ నమస్కారం. నీళ్ళ కింద వీడియో తీయడానికి వాడే లైటుతో చిక్కొచ్చింది. అందులో రెండు 18650 సెల్స్ (18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుండే, మళ్ళీ మళ్ళీ చార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీలు) ఒకదాని వెనక ఒకటి పడతాయి. పెట్టె మీద 5000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసి ఉంది. ఫుల్‌లో పెట్టి పది నిమిషాలు తిరక్కుండానే వెలుగు తగ్గిపోతోంది, ఎర్ర ఇండికేటర్ కొట్టుకుంటోంది, ఇంకాసేపటికి పూర్తిగా ఆరిపోతోంది. పైకొచ్చి బోటులో మళ్ళీ వేస్తే ఏమీ జరగనట్టు వెలుగుతుంది. చార్జర్ మాత్రం ప్రతిసారీ పచ్చ లైటు చూపిస్తుంది. అంటే ఫుల్ చార్జ్ అయినట్టే కదా? సెల్స్ కొని ఏడాది దాటింది. వచ్చే నెల అండమాన్ ప్రయాణం ఉంది, ఈలోపు తేలకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. లైటే మార్చాలా, సెల్స్ మారిస్తే సరిపోతుందా?

సెల్_మీటర్:
లైటు మార్చే ఆలోచన ఇప్పుడే వద్దండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు సెల్స్ మీదే అనుమానం. చార్జర్‌లో పచ్చ లైటు వచ్చిందంటే సెల్ వోల్టేజ్ 4.2కి చేరిందని మాత్రమే అర్థం. లోపల ఎంత కరెంటు నిల్వ ఉంది, గట్టిగా లాగితే నిలబడుతుందా అన్నది ఆ లైటు చెప్పదు. ముసలి సెల్ కూడా 4.2 చూపిస్తుంది. లోడ్ పడగానే లోపలి రెసిస్టెన్స్ వల్ల వోల్టేజ్ దబ్బున కిందికి జారుతుంది, లైటులోని సర్క్యూట్ దాన్ని చూసి బ్యాటరీ అయిపోయిందనుకుని ఆపేస్తుంది. లోడ్ తీసేసి కాసేపు వదిలేస్తే వోల్టేజ్ మళ్ళీ లేస్తుంది. బోటులో మళ్ళీ వెలగడానికి కారణం అదే అయి ఉండాలి.

ఒకసారి లెక్క చూడండి. ఎల్ఈడీ నుంచి వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు వస్తాయనుకుంటే 5000 ల్యూమెన్లకు 50 వాట్లు కావాలి. మీ రెండు సెల్స్ కలిసి 7.4 వోల్టులు, అంటే దాదాపు 7 ఆంపియర్లు లాగుతోంది. మంచి 18650 ఒక్కోటి 12 వాట్-అవర్ల పైచిలుకు ఇస్తుంది, రెండూ కలిసి 25. ఫుల్‌లో అరగంటకు మించి ఎలాగూ రాదు. ఇంకో సంగతి, కెపాసిటీ ఎక్కువున్న సెల్స్‌లో కొన్ని 5 ఆంపియర్ల లోపు వాడకానికే తయారైనవి. ట్యాంకు పెద్దదే, కుళాయి సన్నం. అలాంటివి మీ లైటులో వేస్తే కొత్తలో కూడా ఇబ్బంది పెడతాయి.

మీ సెల్ మీద ఏం రాసి ఉంది? ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు, అంటే కెపాసిటీ) ఎంత?

రుషికొండ_కెరటం:
9800 ఎంఏహెచ్ అని ఉందండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తీసుకున్నాను, రివ్యూలు బాగానే ఉన్నాయి.

సెల్_మీటర్:
అదే మీ జబ్బు. 18650 సైజులో నిజంగా వచ్చే కెపాసిటీ మామూలుగా 3500, మహా అయితే 4000 ఎంఏహెచ్. అంతకు బాగా మించి రాసిన లేబుల్ ఏదైనా అబద్ధమే. కొంచెం లావుండే 21700లో 5000, కొన్నిటిలో ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే తూచి చూడండి, అసలు 18650 దాదాపు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. 35 గ్రాముల లోపు వచ్చిందంటే లోపల సరుకు లేనట్టే.

ల్యూమెన్ల విషయంలోనూ ఇదే మోసం నడుస్తోంది. ఒక్క సెల్‌తో నడిచే లైటుకు 10,000 ల్యూమెన్లని రాస్తారు. దానికి 100 వాట్లు కావాలి, ఒక్క 18650 నుంచి 27 ఆంపియర్లు లాగాలి. ఒకవేళ లాగినా ఏడెనిమిది నిమిషాల్లో సెల్ ఖాళీ. కొనేవాళ్ళు ఈ చిన్న గుణకారం ఒకటి చేసుకుంటే ఎంతో డబ్బు మిగులుతుంది.

బోటు_పక్కన:
బోటులో మళ్ళీ వెలిగిందని గట్టు మీద ఫుల్‌లో వదిలేయొద్దు అన్నా. ఆ లైటుకి నీళ్ళే ఫ్యాన్. ఎల్ఈడీకి వెళ్ళే కరెంటులో సగానికి పైగా వేడిగానే పోద్ది. గాల్లో నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత కాలిపోద్ది. కొన్ని లైట్లు వేడెక్కితే వాటంతటవే వెలుగు తగ్గించుకుంటాయి, జనం అది చూసి బ్యాటరీ పోయిందనుకుంటారు. మా బోటు మీద ఎక్కువగా వినే కంప్లయింటు ఇదే. నీళ్ళలో దిగాకే ఆన్ చెయ్యండి.

కెమెరా_బాబాయ్:
తమ్ముడూ, సముద్రంలోకి తీసుకెళ్ళి పరీక్షించడం దండగ. ఇంట్లో బకెట్ చాలు. నేను చేసే పద్ధతి చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదువు.

15 లీటర్ల బకెట్ నిండా నీళ్ళు పట్టు. లైటు తల పూర్తిగా మునిగేలా, మొహం బాత్‌రూమ్ గోడ టైల్స్ వైపు ఉండేలా తాడుతో వేలాడదీయి. బకెట్ తెల్లదైతే ఇంకా మంచిది, గోడ మీద వెలుగు సమంగా పడుతుంది. నీళ్ళు వేడెక్కుతాయేమోనని భయపడొద్దు, మీ రెండు సెల్స్‌లోని శక్తి మొత్తం వేడిగా మారినా ఆ బకెట్ నీళ్ళు ఒకటిన్నర డిగ్రీ కూడా పెరగవు. కెమెరాను మాన్యువల్‌లో పెట్టు. ఐఎస్ఓ, షట్టర్, ఎపర్చర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ బిగించెయ్యి. బాత్‌రూమ్ బల్బు ఆపేసి, ఐదేసి నిమిషాలకు ఒక ఫోటో తీస్తూ పో. తర్వాత అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ పడిపోయిందో ఇట్టే తెలుస్తుంది. మన కన్ను ఈ పనికి రాదు. వెలుగు మూడో వంతు తగ్గినా కన్ను సర్దుకుపోతుంది, కెమెరా సర్దుకోదు. అందుకే నీళ్ళలో బాగానే ఉందనిపించిన క్లిప్ ఇంటికొచ్చి చూస్తే చివర్లో పచ్చగా, నీలంగా ఉంటుంది. నీరు ముందుగా మింగేసేది ఎరుపునే, 5 నుంచి 10 మీటర్ల లోపే చాలావరకు పోతుంది. లైటు తగ్గితే మొదట పోయేది చేప మీది ఎర్ర రంగు.

లైటుల్లో రెండు రకాలున్నాయని కూడా గుర్తుంచుకో. కొన్నింటిలో సర్క్యూట్ వెలుగును ఒకే స్థాయిలో పట్టి ఉంచి, చివర్లో ఒక్కసారి దించేస్తుంది. చవక వాటిలో బ్యాటరీ తగ్గేకొద్దీ వెలుగూ మెల్లగా తగ్గుతూ పోతుంది. వీడియోకు మొదటి రకమే మేలు, రెండోదాంతో ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ రంగు కుదరదు. బకెట్ ఫోటోలు చూస్తే మీది ఏ రకమో కూడా బయటపడుతుంది.

భీమిలి_తీరం:
బాబాయ్ గారూ, నాదీ ఒక సందేహం. తక్కువ వెలుగులో పెట్టి తీస్తే వీడియోలో అడ్డంగా నల్లని చారలు పాకుతున్నాయి. ఫుల్‌లో రావడం లేదు. ఇదీ బ్యాటరీ వల్లేనా?

కెమెరా_బాబాయ్:
కాదమ్మా. వెలుగు తగ్గించడానికి ఆ లైటు ఎల్ఈడీని సెకనుకు కొన్ని వందల సార్లు ఆపి వెలిగిస్తోంది. కంటికి కనబడదు, కెమెరా సెన్సర్ వరస తర్వాత వరస చదువుతుంది కాబట్టి చారలుగా పట్టేస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ 1/50 దగ్గర పెట్టి చూడు, చాలావరకు తగ్గుతాయి. అప్పటికీ పోకపోతే లైటును ఫుల్‌లోనే ఉంచి కొంచెం దూరం జరుపు. చేతులు బాగా చాపి రెండు పక్కల నుంచీ వేస్తే మన దగ్గరి బురద నీళ్ళలో తేలే నలకలు కూడా తక్కువ మెరుస్తాయి. వైజాగ్ నీళ్ళలో ల్యూమెన్లు పెంచినంత మాత్రాన స్పష్టత రాదు, ఎదురుగా గుమ్మరిస్తే తెల్లటి పొగమంచే వస్తుంది.

భీమిలి_తీరం:
చాలా థాంక్స్ అండి. నా వంతుగా ఒకటి చెప్తాను. మాగ్నెట్ స్విచ్ ఉన్న లైటు వాడేవాళ్ళు భీమిలి వైపు దిగితే జాగ్రత్త. మన తీరంలో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాల నల్ల ఇసుక ఉంటుంది కదా, అందులో అయస్కాంతానికి అంటుకునే రేణువులు కూడా ఉంటాయి. స్విచ్ జారే గాడిలో ఆ నల్ల గింజలు మీసంలా నిక్కబొడుచుకుని కూర్చుంటాయి. స్విచ్ సగం దూరమే జరుగుతుంది, మోడ్ మారదు, ఒక్కోసారి దానంతటదే ఆఫ్ అవుతుంది. నీళ్ళ పంపు కింద కడిగితే పోవు, అయస్కాంతం వదలదు. మెత్తటి టూత్ బ్రష్‌తో మంచినీళ్ళ గిన్నెలో ముంచి స్విచ్ అటూ ఇటూ జరుపుతూ రుద్దాలి, మిగిలినవి సెల్లో టేపు అంటించి లాగితే వస్తాయి. ఇది తెలియక లైటును రిపేరుకు ఇచ్చేవాళ్ళున్నారు.

రుషికొండ_కెరటం:
బకెట్ పరీక్ష చేశాను. సెల్ ఒక్కోటి 33 గ్రాములే ఉంది. మల్టీమీటర్ రీడింగులు ఇవి. చార్జర్ నుంచి తీసి రాత్రంతా వదిలేస్తే పొద్దున ఒకటి 4.16, రెండోది 3.98. ఫుల్‌లో పది నిమిషాలు నడిపి, ఆరిపోగానే తీసి చూస్తే మొదటిది 3.7, రెండోది 3.2. ఫోటోల్లో ఐదో నిమిషానికే వెలుగు సగానికి పడిపోయింది.

సెల్_మీటర్:
ఇంక అనుమానమే లేదండి. రెండోది ఊరికే ఉంచినా రాత్రికి రాత్రి జారిపోతోంది, లోపల లీకేజీ ఉంది. దాన్ని మళ్ళీ చార్జర్‌లో పెట్టకండి. మొదటిది కూడా వద్దు, మంచిదీ చెడ్డదీ వరసగా కలిపితే బలహీనమైనది ముందే ఖాళీ అయిపోయి, మంచిది దాంట్లోంచి బలవంతంగా కరెంటు తోస్తుంది. అప్పుడది ఉల్టా చార్జ్ అయ్యే ప్రమాదం ఉంది. గట్టిగా మూసిన లోహపు గొట్టంలో అది జరగకూడదు.

కొత్తవి ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి రెండు తీసుకోండి. 10 ఆంపియర్లు నిరంతరంగా ఇవ్వగలవని డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో) ఉండాలి, 3000 ఎంఏహెచ్ అయినా ఫర్వాలేదు. కొనే ముందు పొడవు కొలుచుకోండి. రక్షణ సర్క్యూట్ ఉన్నవి 65 మిల్లీమీటర్ల బదులు 68, 70 దాకా ఉంటాయి, కొన్ని లైటుల్లో పట్టవు. మూత బలవంతంగా బిగిస్తే స్ప్రింగ్ నలిగిపోతుంది. జంటకు మార్కర్‌తో ఒకే గుర్తు పెట్టి ఎప్పుడూ విడదీయకండి. వాడనప్పుడు 3.7, 3.8 వోల్టుల దగ్గర చల్లటి చోట పెట్టండి. ఎండలో నిలబెట్టిన కారులో వదిలేసి, ఆ వేడి మీదే తెచ్చి చార్జింగ్‌కు పెట్టకండి, 45 డిగ్రీలు దాటిన సెల్‌ను చార్జ్ చేయకూడదు.

బోటు_పక్కన:
ఓ-రింగ్ (మూత దగ్గర నీళ్ళు లోపలికి రాకుండా ఆపే మెత్తటి వలయం) సంగతి ఎవరూ ఎత్తలేదు. సెల్ మార్చేటప్పుడు తడి చేత్తో, గాలికి ఇసుక లేస్తుంటే మూత విప్పొద్దు. ఒక్క వెంట్రుక చాలు నీళ్ళు లోపలికి రావడానికి. రింగ్ తీసి వేళ్ళ మధ్య నడిపి చూడండి, గరుకు తగిలితే మార్చెయ్యండి. గ్రీజు మెరుపు కనబడేంత పూస్తే చాలు, ముద్దలు పెడితే ఇసుకే అంటుకుద్ది. రింగ్ సిలికాన్‌ది అయితే సిలికాన్ గ్రీజు వాడకూడదు, ఉబ్బుతుంది.

నీళ్ళు పోయిన లైటుతో మాత్రం ఆటలొద్దు. ఉప్పునీళ్ళలో సెల్ పడితే గ్యాస్ పుడుతుంది, మూత బాంబులా లేవగలదు. మూత గానీ అద్దం గానీ మొహం వైపు, పక్కవాళ్ళ వైపు ఉండకూడదు. ఒడ్డుకు తెచ్చి జనం లేని చోట, ఆరుబయట, మెల్లగా కొంచెం కొంచెంగా విప్పాలి. వేడిగా ఉందా, అసలు ముట్టుకోవద్దు. ఆ సెల్ బాగున్నట్టు కనబడినా మళ్ళీ చార్జ్ చెయ్యొద్దు.

భీమిలి_తీరం:
వేసవి మొదట్లో మన తీరంలో అడుగు నీరు పైకి లేచి సముద్రం చల్లబడే రోజులుంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలోనే దీని మీద పరిశోధన జరిగింది. ఒడ్డున ఉక్కపోతలో మూత బిగించి అలాంటి నీళ్ళలో దిగితే అద్దం లోపల ఆవిరి పడుతుంది. లీకేజీ అనుకుని కంగారు పడకండి. ఇంట్లో ఏసీ గదిలో బిగించుకుంటే, చోటుంటే చిన్న సిలికా జెల్ పొట్లం వేస్తే తగ్గుతుంది.

రుషికొండ_కెరటం:
అందరికీ చాలా థాంక్స్. ఈ రెండు సెల్స్ చార్జర్ నుంచి తీసేసి పక్కన పెట్టాను. జగదాంబ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగి, డేటాషీట్ చూశాకే కొత్తవి కొంటాను. చివరగా ఒక్కటి, విమానంలో వీటిని ఎలా తీసుకెళ్ళాలి?

సెల్_మీటర్:
విడి సెల్స్ చెక్-ఇన్ బ్యాగులో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. ఒక్కో సెల్‌నూ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, లేదంటే రెండు చివర్లకూ టేపు వేయండి. 100 వాట్-అవర్ల లోపు వాటికి విడిగా అనుమతి అక్కర్లేదు, మీవి ఒక్కోటి 13 కూడా దాటవు. 100 నుంచి 160 మధ్య ఉండే పెద్ద ప్యాకులకు ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, అవీ రెండుకు మించి కుదరదు. కానీ డైవింగ్ లైటుకు ఇంకో నిబంధన ఉంది. పొరపాటున వెలిగితే విపరీతంగా వేడెక్కే వస్తువుల్లో దాన్ని లెక్కేస్తారు, అందుకే ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి, బ్యాటరీ బయటికి తీసి విడిగా పెట్టాలి. టికెట్ కొన్న ఎయిర్‌లైన్‌కు ఇప్పుడే మెయిల్ రాసి, వాళ్ళ జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. సెక్యూరిటీ దగ్గర అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

పాత రెండు సెల్స్‌నూ టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి, ఇంటి చెత్తబుట్టలో వేయొద్దు. చెత్త బండి నలిపితే అవి అంటుకుంటాయి.