దవావోలో మొదటి క్రిస్మస్: ఇంటివాళ్ళు పిలిచారు, ఎలా వెళ్ళాలి?

దవావో, కొత్తగా వచ్చినమ్మాయి:
అందరికీ నమస్తే. మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్‌లోని దవావోకి వచ్చి మూడు నెలలైంది. మాది తెనాలి. ఒకరింట్లో పైగది అద్దెకు తీసుకున్నా. కింద ఇంటావిడ, వాళ్ళ అత్తగారు, లా మూడో ఏడాది చదివే కూతురు ఉంటారు. ఇక్కడ అక్కని ఆతే అంటారు కాబట్టి నేనూ ఆ కూతుర్ని ఆతే అనే పిలుస్తా. ఈ నెల 16 నుంచి తొమ్మిది రోజులు తెల్లవారుజామున తనతో చర్చికి రమ్మంటోంది. 24 రాత్రి భోజనానికీ పిలిచారు. మేం హిందువులం. చికెన్ తింటా గానీ పంది మాంసం తినను. వెళ్ళకపోతే ఏమైనా అనుకుంటారా? వెళ్తే ఏం తీసుకెళ్ళాలి? కొంచెం టెన్షన్‌గా ఉంది.

మనీలా, పన్నెండేళ్ళ నుంచి:
చెల్లెమ్మా, క్రిస్మస్ సంగతి తర్వాత. డిపాజిట్‌కి రసీదు తీసుకున్నావా? నా అనుభవం విను. నేను మొదట ఉన్న ఇల్లు డిసెంబర్లోనే ఖాళీ చేశా. గోడకి మేకు కొట్టావు, మళ్ళీ రంగు వేయించాలి అని ఓనరు రెండు నెలల డిపాజిట్ ఆపేశాడు. ఆ ఒక్క మేకూ వెంకటేశ్వరస్వామి క్యాలెండర్‌కి కొట్టింది. నాలుగుసార్లు తిరిగా. వెళ్ళినప్పుడల్లా ఎర్ర టోపీ పెట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చేవాడు, కుర్చీ వేసేవాడు, కేక్ పెట్టేవాడు. డబ్బు మాత్రం లేదు. అయిదోసారికి నా పక్క మంచం కుర్రాడు, లా స్టూడెంటే, ఒక కాగితం రాసిచ్చాడు. కోర్టు దాకా పోనక్కర్లేదు, ముందు బరాంగాయ్ హాల్లో ఫిర్యాదు చెయ్యి అన్నాడు. మన పంచాయతీ లాంటిది. అక్కడ లాయర్లను రానివ్వరు, ఎవరి గోడు వాళ్ళే చెప్పుకోవాలి. నా వచ్చీరాని తగలోగ్‌లో చెప్పుకున్నా. చివరికి మేకు ఖర్చు పట్టుకుని మిగతాది ఇచ్చాడు. వెళ్ళేటప్పుడు మళ్ళీ కేక్! కాబట్టి రసీదు ముఖ్యం. చట్టం ప్రకారం మూడు నెలల డిపాజిట్ దాకా అడగొచ్చు, అంతకంటే ఎక్కువ ఇవ్వకు.

సెబూ నుంచి:
అన్నా, మూడు కాదు. 2009 నాటి రెంట్ కంట్రోల్ చట్టం, నంబరు 9653. ఒక నెల అడ్వాన్స్, రెండు నెలల డిపాజిట్. డిపాజిట్ బ్యాంకులో ఉంచాలి. అదీ తక్కువ అద్దె ఇళ్ళకే.

మనీలా, పన్నెండేళ్ళ నుంచి:
ఒకటీ రెండూ కలిపితే మూడే కదా తమ్ముడూ. నేను చెప్పిందీ అదే.

గుంటూరు, ఒకప్పుడు దవావో:
పిల్ల అడిగిందేంటి, మీరు మాట్లాడేదేంటి!

చెల్లీ, నేను అక్కడ లా చదివే అమ్మాయితో ఒకే గదిలో అయిదేళ్ళు ఉన్నా, తననే ఆతే అనేదాన్ని. తప్పకుండా వెళ్ళు. తొమ్మిది రోజులూ కుదరకపోతే ఒక్కరోజైనా వెళ్ళు. మన ధనుర్మాసం కూడా 16 ప్రాంతంలోనే మొదలవుతుంది కదా. చీకట్లో లేవడం, మైకులో తిరుప్పావై, దొన్నెలో వేడి పొంగలి. అక్కడ పొంగలి బదులు చర్చి బయట బిబింకా. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి అరిటాకు పరిచిన మూకుడులో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. మాడిన అరిటాకు వాసనకే సగం నిద్ర వదులుతుంది. పూర్వం స్పానిష్ కాలంలో రైతులు పొలానికి వెళ్ళేముందు ప్రార్థన చేసుకోడానికి ఇలా తెల్లవారకముందే పెట్టారట. తొమ్మిదీ పూర్తిచేస్తే కోరుకున్నది జరుగుతుందని నమ్మకం. లా పిల్లల కోరిక ఏంటో చెప్పక్కర్లేదు, బార్ పరీక్ష.

ఆ చదువు సంగతి తెలిస్తే మీ ఆతే పిలుపు విలువ తెలుస్తుంది. ముందు ఏదో ఒక డిగ్రీ, ఆ తర్వాత నాలుగేళ్ళు లా. మా ఆతేకి పగలంతా ఆఫీసు, క్లాసులు సాయంత్రం. ప్రొఫెసర్ దగ్గర అందరి పేర్లూ రాసిన కార్డుల కట్ట ఉంటుంది. కలిపి ఒకటి లాగుతాడు. ఎవరి పేరొస్తే వాళ్ళు లేచి కేసు మొత్తం ఒప్పజెప్పాలి. మనకి వైవా రోజూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకో. చర్చిలో కూడా చట్టాల చిన్న పుస్తకం ఒళ్ళో దాచుకుని చదివేది. వాళ్ళ లోలా, అంటే నాయనమ్మ, చూపు తిప్పకుండానే తొడ మీద గిల్లేది.

24 రాత్రి భోజనాన్ని నోచే బుయెనా అంటారు, అర్ధరాత్రి పూజ అయ్యాకే. అందుకని ఎనిమిదికే ఆకలితో వెళ్ళకు, నేను వెళ్ళి అయిపోయా. హామ్ పందే. లుంపియా, అంటే చుట్టి వేయించిన రోల్స్, దాదాపు పందే. నూడుల్స్‌లోనూ ముక్కలు ఉంటాయి. తియ్యటి స్పగెట్టీ చేస్తారు (తియ్యగానే, నిజంగా), అందులో హాట్‌డాగ్ ఏ మాంసమో అడుగు. ఈ విషయం ఇప్పుడే ఇంటావిడకి చెప్పెయ్. బల్ల దగ్గర చెబితే ఆవిడ నొచ్చుకుంటుంది, ఇప్పుడు చెబితే నీకోసం కోడి తెస్తుంది. ఎర్ర మైనం పూసిన గుండ్రటి చీజ్ ఒకటి మధ్యలో ఉంటుంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. వాళ్ళ నాన్న ఓడలో పనిచేసేవాడు. వీడియో కాల్ కలిసి, ఆయన ముఖం కనబడ్డాకే ఆతే కత్తి పెట్టేది. ఒక ఏడాది సిగ్నల్ దొరక్క రెండింటికి తిన్నాం.

లోలా కనబడితే ఆవిడ చెయ్యి అందుకుని నీ నుదుటికి ఆనించు. కాళ్ళకు దండం పెట్టకు. నేను అలవాటుగా వంగితే ఏదో పడిపోయిందనుకుని పాపం ఆవిడా వంగి వెతికింది.

ఖరీదైన గిఫ్ట్ వద్దు. అమ్మ అరిసెలు పంపి ఉంటే అవి పట్టుకెళ్ళు. బియ్యం, బెల్లం వాళ్ళకి తెలిసిన రుచే.

మనీలా, పన్నెండేళ్ళ నుంచి:
బిబింకా సరే, పుతో బుంబోంగ్ మాటేది? వెదురు గొట్టంలో ఉడికించిన ఊదారంగుది. అది తినకపోతే సింబాంగ్ గబికి, అంటే ఈ తెల్లవారుజాము పూజలకి, వెళ్ళినట్టే కాదు.

గుంటూరు, ఒకప్పుడు దవావో:
అది మీ వైపు. దవావోలో పుతో మాయా అనే జిగురుబియ్యపు అన్నం, సిక్వాతే అనే చిక్కటి వేడి చాక్లెట్. అసలక్కడ చాలామంది తెల్లవారుజాము పూజనే మీసా దె గాల్యో అంటారు.

మనీలా, పన్నెండేళ్ళ నుంచి:
మీసా దె గాల్యో అంటే 24 అర్ధరాత్రిది అమ్మా. ఎవర్నైనా అడగండి.

గుంటూరు, ఒకప్పుడు దవావో:
మనీలాలో ఎవర్నైనా, అనండి.

విజయవాడ, ఆర్‌సీఎం కుటుంబం:
ముఖ్యమైనది ఒకటి ఎవరూ చెప్పలేదు. పూజలో దివ్యసత్ప్రసాదం కోసం అందరూ వరస కడతారు. అది మన గుడి ప్రసాదం లాంటిది కాదు, జ్ఞానస్నానం పొందిన కతోలికులకే. నువ్వు కూర్చునే ఉండు, ఎవరూ ఏమీ అనుకోరు. భుజాలు, మోకాళ్ళు కనబడని బట్టలు వేసుకో. ఇంకోటి, 24 నుంచి గేటు దగ్గర పిల్లలు నినాంగ్, నినాంగ్ అని అరుస్తుంటే కంగారుపడకు. నినాంగ్ అంటే జ్ఞానతల్లి. మీ ఆతేకి ఎంతమంది జ్ఞానబిడ్డలుంటే అన్ని కవర్లు రెడీగా ఉండాలి. నువ్వు ఇవ్వాల్సిన పనిలేదు గానీ కొత్త నోట్లు నాలుగు దగ్గర పెట్టుకో. ఇంటి పిల్లలకు ఇస్తే సంతోషిస్తారు.

సెబూ నుంచి:
జనవరి, ఫిబ్రవరిలో విదేశీయులు ఇమిగ్రేషన్ ఆఫీసుకి ఇచ్చే యాన్యువల్ రిపోర్ట్ ఉంటుంది, మొదటి 60 రోజుల్లో అయిపోవాలి. మర్చిపోకు. 31న టపాకాయలు కూడా కొనకు, దవావోలో నిషేధం.

మనీలా, పన్నెండేళ్ళ నుంచి:
ఇదీ ఆ పిల్ల అడగలేదు తమ్ముడూ.

దవావో, కొత్తగా వచ్చినమ్మాయి (17వ తేదీ):
అందరికీ థాంక్స్. రెండు రోజులు వెళ్ళొచ్చా. అలారం 3:15కి పెట్టుకుంటే ఆతే మూడింటికే తలుపు కొట్టింది. పంది సంగతి చెప్పా. ఇంటావిడ ఒక్క క్షణం ఆలోచించి, అయితే చేప తింటావా అని అడిగింది. అరిసెలు లోలా ఒక్కరే దాచుకుని తింటున్నారు.

ఈరోజు తిరిగొచ్చేటప్పుడు ఆతే తను రాసుకున్న కార్డులు నా చేతికిచ్చింది. నేను సివిల్ కోడ్ ఆర్టికల్ నంబరు చదవాలి, తను ఒప్పజెప్పాలి. 1156, బాధ్యత అంటే ఏంటి, గడగడా చెప్పేసింది. ఇవ్వడం, చేయడం, లేదా చేయకుండా ఉండడమట. జ్ఞానబిడ్డలకి కవర్లు ఇందులోకే వస్తాయా అని అడిగితే నవ్వి, కార్డు తిప్పమంది. 1159 దగ్గర ఆగిపోయింది. ఒప్పందం చేసుకున్నవాళ్ళ మధ్య దానికి చట్టమంత బలం ఉంటుందని వెనక రాసి ఉంటే నేనే అందించా. చేతిలో బిబింకా ఉండడంతో ఆ కార్డుకి కొబ్బరి అంటుకుంది.

మనీలా అన్నా, రసీదు కూడా ఉంది. ఒక నెల, రెండు నెలలు.