సెల్ మరమనిషా, కృత్రిమ మానవుడా?

మొన్న రాత్రి మా ఇంట్లో అన్నాల దగ్గర మొదలైన గొడవ ఇది, తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఆరో తరగతి చదివే మా అక్క కొడుకు డ్రాగన్ బాల్ జెడ్ అనే జపనీస్ కార్టూన్ చూస్తున్నాడు, సెల్ అనే విలన్ వచ్చే భాగం. పక్కనే కూర్చున్న మా అమ్మ "ఎవర్రా ఈ పచ్చ మిడత?" అంది. వాడు ఒక్క గుక్కలో "వాడి పేరు సెల్ అమ్మమ్మా, ఆండ్రాయిడ్ 17నీ 18నీ మింగితే పర్ఫెక్ట్ అయిపోతాడు" అన్నాడు. మా అమ్మకి సెల్ అన్నా ఫోనే, ఆండ్రాయిడ్ అన్నా ఫోనే. "ఫోను ఫోన్లని మింగడమేంట్రా" అని ఆవిడ, నవ్వాపుకోలేక మేమూ.

సరే, తెలుగులో చెబుదామని నేను "మరమనిషిలే అమ్మా" అన్నాను. వెంటనే మేనల్లుడు పట్టుకున్నాడు: "మామయ్యా, వాడిలో మర ఏదీ?" నిజమే. సెల్‌లో ఒక్క మేకు లేదు. గోకూ, వెజీటా, పికొలో, ఫ్రీజా, ఫ్రీజా తండ్రి కింగ్ కోల్డ్, ఆ కథలోని ఈ మహా యోధుల జీవకణాలు దొంగచాటుగా సేకరించి, ఆండ్రాయిడ్లని చేసిన శాస్త్రవేత్త డాక్టర్ గెరో ల్యాబ్ అడుగున ఉన్న కంప్యూటర్ ఏళ్ళ తరబడి పెంచిన ప్రాణి వాడు. టైమ్ మెషీన్‌లో పట్టడానికి మళ్ళీ గుడ్డుగా మారి వచ్చాడు, నేలలో పెరిగాడు, పెద్ద పురుగులా కుబుసం విడిచాడు. గోకూ కొడుకు గోహన్ వాళ్ళకి ఆ ఖాళీ కుబుసం దొరుకుతుంది కూడా. మర కుబుసం విడవదు కదా!

జపనీస్‌లో చూస్తే సెల్‌కీ, 16, 17, 18 లాంటి నంబర్ల ఆండ్రాయిడ్లకీ, అందరికీ కలిపి వాడిన మాట జిన్‌జో నింగెన్. రాస్తే నాలుగు అక్షరాలు. మొదటిదీ మూడోదీ ఒకటే అక్షరం, మనిషి అని. ఒకచోట జిన్ అని చదువుతారు, ఇంకోచోట నిన్ అని. మొత్తం మీద 'మనిషి చేసిన మనిషి' అని చెప్పుకోవచ్చు. ఇనుముతో చేశారా మాంసంతో చేశారా అన్నది ఆ మాట చెప్పదు. అందుకే పూర్తిగా యంత్రమైన 16కీ, మామూలు మనుషుల్ని మార్చి చేసిన 17, 18లకీ, ఏ యంత్రమూ లేని సెల్‌కీ అదే సరిపోయింది. ఇంగ్లీషు వాళ్ళు ఆండ్రాయిడ్ అనడంతో మనం మర దగ్గర ఇరుక్కున్నాం. 18 నంబరు తర్వాత గోకూ స్నేహితుడు క్రిలిన్‌ని పెళ్ళి చేసుకుని కూతుర్ని కంటుంది, ఆమెని మరమనిషి అంటే మా అమ్మ ఒప్పుకుంటుందా?

కృత్రిమ మానవుడు అందామంటే నకిలీ మనిషి అన్నట్టుంది. సెల్ దేనికీ నకిలీ కాదు. మీరేమంటారు?

*

కృత్రిమలో నకిలీ లేదు బాబూ, అది మనం తర్వాత పూసిన రంగు. నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, ఈ మాట మీద పిల్లలతో చాలాసార్లు పేచీ పడ్డాను. కృ ధాతువు, చేయడం. చేయడం వల్ల ఏర్పడినది కృత్రిమం, అంతే. ధర్మశాస్త్రాల్లో కొడుకుల్ని రకాలుగా విడగొట్టారు: ఔరసుడు, దత్తుడు, క్రీతుడు, అందులోనే కృత్రిముడు కూడా ఉన్నాడు. అంటే దొంగ కొడుకు కాదు, కన్నవాడు కాకపోయినా కొడుకుగా చేసుకున్నవాడు. తర్వాత్తర్వాత చేసింది సహజం కాదు, సహజం కానిది నిజం కాదు అని జారుకుంటూ వచ్చి, కృత్రిమ నవ్వు దగ్గర ఆగాం. కానీ కృత్రిమ కాలు అన్నప్పుడు ఎవరూ నకిలీ కాలు అనుకోరు, దాని మీద నిలబడి నడుస్తున్నారు కదా. కృత్రిమ మేధ అని పేపర్లు రోజూ రాస్తున్నాయి. వాడితే పాత అర్థం తిరిగొస్తుంది, భయపడకండి.

*

మాస్టారూ, నమస్తే. మీరు చెప్పింది బాగుంది గానీ నవ్వు పక్కన నిలబడ్డ మాట మళ్ళీ కాలు పక్కకి అంత సులువుగా రాదనిపిస్తుంది.

నేను రోబో గురించి ఒక మాట చెప్తా. ఆ మాట పుట్టింది చెక్ భాషలో, 1920లో కారెల్ చాపెక్ రాసిన ఆర్.యు.ఆర్. నాటకంలో. మాట ఇచ్చింది వాళ్ళన్న జోసెఫ్ అని ఆయనే చెప్పుకున్నాడు. రోబోటా అంటే రైతు దొర పొలంలో కూలి లేకుండా చేయాల్సిన పని. మా తెలంగాణలో దానికి మాట వెతుక్కోవాల్సిన పని లేదు, వెట్టి. మా తాత చేసినోడే, ఆయన నోట ఆ మాట వింటే రోబో అన్నది ముద్దుగా అనిపించదు. ఇంకో సంగతి, ఆ నాటకంలో రోబోలు ఇనుప డబ్బాలు కావు, తొట్లలో పిసికి కలిపిన జీవపదార్థంతో చేసిన మనుషులు. 1923లో ఆ నాటకం జపనీస్‌లోకి పోయినప్పుడు పెట్టిన పేరు ఏంటనుకున్నారు, జిన్‌జో నింగెన్! అంటే మొదటి లెక్కన చూస్తే 16 నంబరు కన్నా సెల్‌గాడే అసలు రోబో. మర అన్నది మనకి తర్వాత తగులుకుంది.

నా ఓటు మాత్రం సాదా తెలుగుకే. కన్న మనిషి కాదు, చేసిన మనిషి.

*

అన్నా, చేసిన మనిషి వినడానికి బాగుంది, కానీ వండిన అన్నం, వండిన మనిషి అని పక్కపక్కన పెట్టి చూడు. అన్నాన్ని వండారు, మనిషి వండాడు. చేసిన మనిషి అంటే గెరోనా, సెల్‌నా? (గెరోకైతే రెండూ చెల్లుతాయి, తన్ను తాను మార్చుకుని 20వ నంబరు అయ్యాడు కాబట్టి. అది వేరే సంగతి.)

పాత పేర్లలో వెతికితే కుంభసంభవుడు ఉంది, అగస్త్యుడికీ ద్రోణుడికీ. ల్యాబ్ తొట్టిలో పెరిగినవాడికి సరిపోతుందనిపిస్తుంది కానీ అది ఎక్కడ పుట్టాడో చెబుతుంది, ఎవరైనా పనిగట్టుకుని చేశారని చెప్పదు. నాకు తిలోత్తమ దగ్గరగా కనిపిస్తోంది. సుందోపసుందుల్ని చంపించడానికి బ్రహ్మ అడిగితే విశ్వకర్మ లోకంలోని మేలైన వాటన్నిటి నుంచీ తిలంత తిలంత, అంటే నువ్వుగింజంత, తీసి ఆమెని చేశాడు. గెరో కంప్యూటర్ చేసిందీ అదే పని. పైగా మన బయాలజీ పుస్తకాల్లో సెల్‌కి కణం అనేగా, కణమన్నా గింజలాంటి చిన్న తునకే. ఇంగ్లీషు సెల్ మాత్రం గది. రాబర్ట్ హుక్ 1665లో బెరడు ముక్కని సూక్ష్మదర్శినిలో చూసి, ఖాళీ గదుల్లా ఉన్నాయని ఆ పేరు పెట్టాడు. మనం లోపలి గింజని చూశాం, వాళ్ళు గోడల్ని చూశారు.

*

అందరికీ థాంక్స్. మాస్టారి మాట మీద కృత్రిమ మానవుడు దగ్గరే ఆగుతున్నా, వేరే దారి లేక కాదు, ఆ కృత్రిమ పుత్రుడు నచ్చి. తిలోత్తమని వీడికి పెడితే మా అమ్మ కొడుతుంది.

కానీ ఇంకోటి మిగిలింది, పర్ఫెక్ట్. జపనీస్‌లో కంజెన్‌తాయ్. కంజెన్ అంటే ఏ వెలితీ లేకుండా పూర్తయినది, తాయ్ అంటే ఒళ్ళు. 17నీ 18నీ మింగేదాకా వాడు తప్పుల తడక కాదు, సగంలో ఆగిన పని, అంతే. పరిపూర్ణుడు అంటే ప్రార్థనలో మాటలా ఉంది, సంపూర్ణుడు అంటే భోజనం ప్యాకేజీలా ఉంది. నాకు నిండు అన్నది కుదురుతోంది. నిండు చంద్రుడు, నిండు గర్భిణి, ఇప్పుడు నిండు సెల్. మింగి నిండినవాడు, అచ్చంగా.

ఈ మాట చెబుదామని వెళ్ళేసరికి మావాడు చూస్తున్నది గోహన్ కొట్టిన దెబ్బకి సెల్ కడుపు పట్టుకుని 18ని కక్కేసే చోటు. (జపనీస్‌లో గెరో అంటే వాంతి అని చెబితే వాడు పడీపడీ నవ్వాడు.) కక్కగానే పర్ఫెక్ట్ రూపం పోయి, పాత మొహం వచ్చేసింది. మా అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఒక నిమిషం చూసి, "నిండుకుండ తొణకదంటారు, వీడేంట్రా ఏకంగా ఒలికిపోయాడు" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.