డిజైన్ మొదట్లోనే ఎండ లెక్క దానంతటదే రావాలంటే ఎలా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పడమర రోడ్డున్న 300 గజాల స్థలంలో చిన్న అపార్ట్‌మెంట్ గీస్తున్నాను. ఓనర్‌గారు రోజుకో మార్పు చెబుతున్నారు. నిన్న ఈశాన్యంలో మెట్లు వద్దన్నారు (వాస్తు, మామూలే). మార్పు వచ్చినప్పుడల్లా ఎండ లెక్క మళ్లీ మొదటికి.

రైనోలో (3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్) మాస్ మోడల్, అంటే బిల్డింగ్ బయటి ఆకారం మాత్రం చేసి, దాని గ్రాస్‌హాపర్‌లో (కొలత మారిస్తే మోడల్ దానంతటదే మారే టూల్) లేడీబగ్ అనే ఎండ లెక్కల ప్లగిన్‌తో సూర్యుడి దారి తీశాను. డిసెంబర్ 21 మధ్యాహ్నం ఎండ దక్షిణం నుంచి, సుమారు 49 డిగ్రీల ఎత్తులో. జూన్ 21న దాదాపు నడినెత్తిన, కాస్త ఉత్తరానికి. ఇంతవరకు సరే. చిక్కల్లా గ్రిడ్‌తోనే, అంటే ఎండ లెక్కపెట్టే బిందువుల మధ్య దూరంతోనే. అర మీటరు పెడితే, కొలత మార్చే స్లైడర్ కదిపిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది. రెండు మీటర్లు పెడితే బాల్కనీ నీడ లెక్కలోకే రావడం లేదు.

పైగా నేను చూసిన ట్యుటోరియల్స్ అన్నీ ఇంట్లోకి ఎండ ఎలా రప్పించాలనే. నాకు కావాల్సింది ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 2 నుంచి 6 వరకు పడమటి గోడ మీద ఎండ తగ్గడం. ఆ గంటలే లెక్కపెట్టి, ఓ 20 రకాల మాసింగ్‌లను (బిల్డింగ్ ఆకారాలను) రాత్రి నడవనిచ్చి, పొద్దున్నకల్లా ఎక్సెల్‌లో ఫలితాలు చూసుకునే పద్ధతి ఎవరైనా వాడుతున్నారా? కోలిబ్రీ (గ్రాస్‌హాపర్‌లో స్లైడర్లను వరసగా మార్చి ఫలితాలు రాసిపెట్టే ప్లగిన్) సరిపోతుందా, పైథాన్ కోడ్ రాయక తప్పదా? పక్కింటి నాలుగంతస్తుల నీడ కూడా కలపాలండీ.