పక్షుల ఫొటోలకి 15,000 లోపు ఏ కెమెరా కొనమంటారు?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. మాకు దగ్గర్లోనే ఉన్న తేలినీలాపురానికి ఏటా చలికాలం ముందే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలకి రెక్కలొచ్చాక, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నా నాకు తనివి తీరదు. ఈసారి వాటిని మంచి ఫొటోలు తీయాలని గట్టిగా అనుకున్నాను.

పోయినేడు ఫోన్‌తో ప్రయత్నించాను. జూమ్ చేస్తే పక్షి కాస్తా తెల్లటి మచ్చ అయిపోయింది. అందుకే ఆప్టికల్ జూమ్ (లెన్స్‌తోనే దూరాన్ని దగ్గర చేసేది) ఉన్న కెమెరా కావాలి.

ఈ డబ్బుకి కొత్తది కష్టం, సెకండ్‌హ్యాండే తీసుకుంటాను. నికాన్ కూల్‌పిక్స్ బి500 నచ్చింది. 40 రెట్ల జూమ్, గోడ గడియారంలో వేసే సెల్స్ నాలుగుతో నడుస్తుంది. కానీ వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) లేదు. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనబడుతుందా? ఇంకొకటి కెనాన్ 1300డి, లెన్స్ మార్చుకునే రకం. సెన్సార్ (వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే భాగం) పెద్దది కాబట్టి తెల్లవారుజాము వెలుతురులో నయమే. అయితే దాంతో వచ్చే 18-55 ఎంఎం లెన్స్‌కి చెట్టు మీది పక్షి అందదు, దూరానికి పనికొచ్చే 55-250 ఎంఎం లెన్స్ విడిగా కొనాలి.

షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలి), ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలి) లాంటి సెట్టింగులు నాకింకా సరిగ్గా తెలియవు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ రెండిట్లో ఏది మేలు? పాతది కొనేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో ఆ లెక్క), లెన్స్‌లో ఫంగస్ (బూజు) ఎలా చూసుకోవాలి? సముద్రం దగ్గర కదా, గాలిలో తేమ ఎక్కువ. నాకు అదే పెద్ద టెన్షన్. వాడినవాళ్లు దయచేసి చెప్పండి, పక్షులు వచ్చేలోపు కొనాలి.