బాబ్లీ గేట్లకు క్యాలెండరా, నీటిమట్టమా?

ధర్మాబాద్ మిరప:
మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పక్కనే గోదావరి. తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెబుతా. మా దగ్గర గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, ఆ తర్వాతే దించాలి. మహారాష్ట్ర వాడకం 2.74 టీఎంసీలు దాటకూడదు. ఏటా మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి.

వాన దేవుడికి ఈ తేదీలు ఎవరు చెప్పారు? సెప్టెంబర్‌లోనే వానలు ముఖం చాటేసిన ఏడాది వరదంతా కళ్లముందే వెళ్లిపోతుంది. అక్టోబర్ 29న అధికారులు వస్తారు, సంతకాలు పెడతారు, గేట్లు దిగుతాయి. ఆపడానికి నది మధ్యలో సన్నటి పాయ తప్ప ఏముంటుంది? యాసంగికి మోటారు పైపుకు ఇంకో రెండు ముక్కలు అతికించి ఇసుకలో ముందుకు జరుపుకుంటాం. జూన్‌లో వాన పడకపోయినా జూలై 1న గేట్లు లేవాల్సిందే, ఉన్న కాసిని నీళ్లూ పోతాయి. గేట్లను తేదీని బట్టి కాదు, దిగువన తెలంగాణలో ఉన్న శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీటిమట్టాన్ని బట్టి నడపాలని నా వాదన. మీరేమంటారు?

బాల్కొండ పసుపు:
అన్నా, మాది కింద తెలంగాణ వైపు, అయినా మీ బాధ కాదనను. కానీ ఒక సంగతి దాటేశారు. శ్రీరాంసాగర్ 1091 అడుగులకు నిండితే వెనక నీళ్లు బాబ్లీ దాకా వచ్చి నిలుస్తాయి. అంటే మీ బ్యారేజీ మా ఇంటి వరండాలో కట్టిన గోడ లాంటిది. గేటు దించితే అవతల ఉండిపోయే నీళ్లలో మావీ ఉంటాయి. తీర్పులో ఆ 0.6 లెక్క వచ్చింది అందుకే.

నిజానికి మాకు భయం 2.74 గురించి కాదు. రెండు రాష్ట్రాల మధ్య 1975 ఒప్పందం ప్రకారం, ఎగువన జాయక్‌వాడీ డ్యామ్ ఉన్న పైఠణ్ దాకా నీళ్లన్నీ మహారాష్ట్రవే. పైఠణ్ నుంచి పోచంపాడు, అంటే మా శ్రీరాంసాగర్ దాకా కొత్త ప్రాజెక్టులకు ఇంకో 60 టీఎంసీలు. జాయక్‌వాడీలో ఒక్కదానిలోనే వంద టీఎంసీలకు పైగా పడుతుంది, కింద నాందేడ్ దగ్గర విష్ణుపురి ప్రాజెక్టు ఉంది. ఇన్ని దాటి మాకు వచ్చేది ఎంత? నెహ్రూ 1963లో పునాది వేసిన శ్రీరాంసాగర్ 112 టీఎంసీలది. పూడిక పడి ఇప్పుడు 80, 90 మధ్యకు దిగింది. ఈ స్థితిలో తేదీ ఒక్కటే మాకు గట్టి హామీ. మట్టం అంటే రోజూ కొట్లాటే. ఎవరు కొలిచారు, ఏ గంటకు కొలిచారు అని పంచాయితీలు మొదలవుతాయి.

ధర్మాబాద్ మిరప:
కొలవడానికి తీర్పే ముగ్గురితో కమిటీ వేసింది కదా తమ్మీ. కేంద్ర జల సంఘం మనిషి అధ్యక్షుడు, రాష్ట్రానికి ఒకరు. నేనడిగేది చిన్న మాట. శ్రీరాంసాగర్ నిండి, వరద గేట్లెత్తి నీళ్లు దిగువకు వదిలేస్తున్న రోజున మా గేట్లు దించితే మీకు ఏం తక్కువవుతుంది? శ్రీరాంసాగర్ నుంచి వెళ్లే మీ కాకతీయ కాలువ పూర్తి సామర్థ్యం 9,700 క్యూసెక్కులు. మా 2.74 మొత్తం కలిపినా ఆ కాలువకు మూడు రోజుల పైచిలుకు, అంతే.

సరిహద్దు సరదా:
2010 జూలైలో చంద్రబాబు ఎమ్మెల్యేలతో బాబ్లీ చూడటానికి బయల్దేరితే మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. ఎనిమిదేళ్ల తర్వాత ధర్మాబాద్ కోర్టు వారెంటు ఇచ్చింది. ఆ కేసు ముచ్చట ఊరూరా తెలుసు. మార్చి 1 ముచ్చట మాత్రం ఎవరికీ పట్టదు!

బిలోలి అక్క:
అందరూ గేట్ల దగ్గరే ఆగిపోయారు. నిండిన ఏడాది మాత్రం ఏం జరుగుతోంది? నది ఒడ్డున సొంత మోటారు ఉన్నవాడు తోడుకుంటాడు. మా ఊరు ఒడ్డుకు దూరం, మాదాకా ఒక్క చుక్క రాదు. లిఫ్టులు, పైపులైన్లు, కరెంటు వేళలు, ఇవన్నీ ఎవరిని అడగాలి? తెలంగాణనా? బోర్లలో ఊట పెరుగుతుందన్నది నిజమే, అదీ నదికి దగ్గర ఉన్నవాళ్లకే. కొన్నేళ్ల కింద మన వైపు ఊళ్లు తెలంగాణలో కలుస్తామన్నాయంటే కారణం ఒక్క బాబ్లీ కాదు. అవతలి ఒడ్డున రైతుబంధు చూశాం, మన దగ్గర అడిగితే జవాబిచ్చేవాడే లేడు. ముందు ముంబయిని నిలదీయండి, తర్వాత తేదీలు.

బాల్కొండ పసుపు:
అక్కా, కరెక్టుగా చెప్పారు. అన్నా, మీ మాటకు వస్తాను. ప్రాజెక్టు నిండి పొర్లుతున్నప్పుడు దించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, ప్రభుత్వం ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి. కానీ అక్టోబర్ మొదట్లో దించేశారనుకోండి, అర్ధరాత్రి పైనుంచి వరద వస్తే? గేట్లెత్తడం ఆలస్యమైతే మునిగేది మా పొలాలు కాదు, మీవి, అక్కవాళ్లవి. ఇంకో మాట. కమిటీ తీర్పును అమలు చేస్తుంది, మార్చలేదు. తేదీ మార్చాలంటే మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సిందే.

ధర్మాబాద్ మిరప:
వరద సంగతి ఒప్పుకుంటా, ఎత్తడానికి మనిషిని పెట్టడం మా ప్రభుత్వం పని. మరి మార్చి 1? అప్పటికి మా శనగ ఇంటికొస్తుంది గానీ మక్కకు ఇంకా తడులు కావాలి. ఆ టైంలో 0.6ను ఎండిన ఇసుకలోకి వదిలితే మీ దాకా వచ్చేదెంత? మీ కాలువకు ఒక రోజు నీళ్లు కూడా కావవి. అదే 0.6ను నవంబర్‌లో, నది ఇంకా తడిగా ఉన్నప్పుడే లెక్కగట్టి వదిలితే మీకే ఎక్కువ ముడుతుంది.

బాల్కొండ పసుపు:
నవంబర్ మాట బాగుంది. రాసిపెట్టి ఇస్తే మా ఊళ్లో నేను మాట్లాడతా. జూలై 1ని మాత్రం కదిలించొద్దు.